కొత్త బ్యాటరీ, పాత రోగం: ఒక కార్బురేటర్ కారు ఎలక్ట్రికల్ కేసు

కారుకు ముప్పై ఏళ్లు దగ్గరపడ్డాయి. కార్బురేటర్ పెట్రోల్ ఇంజిన్, 12 వోల్టుల సిస్టమ్, 45 ఆంపియర్ అవర్ బ్యాటరీ. ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ (ఈసీయూ), దాని సెన్సర్ల గొడవ లేదు. స్కానర్ పెట్టి కోడ్ చదివే వీలు లేదు కాబట్టి మల్టీమీటర్, టెస్ట్ ల్యాంపు, చేతులు, ముక్కు, వీటితోనే పని.

ఫిర్యాదు ఒక్కటి కాదు. సెల్ఫ్ కొడితే ఒక్కోసారి మామూలుగా స్టార్ట్ అవుతుంది, ఒక్కోసారి మూలుగుతూ తిరుగుతుంది, ఒక్కోసారి టక్‌మని ఊరుకుంటుంది. హెడ్‌లైట్లు పసుపు పచ్చగా వెలుగుతాయి. రాత్రిపూట నడిపితే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా పోతుంది, పగలు అదే దూరం నడిపితే మధ్యలోనే ఉంటుంది. రెండు మూడు రోజులు బండి కదపకపోతే బ్యాటరీ డౌన్. యాక్సిలరేటర్ పెడల్ ఈ మధ్య బిగుసుకుపోయినట్టుంది.

నా దగ్గరికి వచ్చేసరికి బ్యాటరీ రెండుసార్లు మారింది. సెల్ఫ్ మోటర్ విప్పి బ్రష్‌లు, సోలనాయిడ్ కొత్తవి వేశారు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ని చెక్ చేసి బాగానే ఉందన్నారు. వేడి కోసం థర్మోస్టాట్, టెంపరేచర్ సెన్సర్ మార్చారు. ఒక్కో పార్టు మార్చాక కొన్నాళ్లు బాగుండటం, మళ్లీ మొదటికి రావడం. ఇలాంటి చరిత్ర ఉన్న బండి వస్తే నేను మొదట స్పానర్ పట్టుకోను. కాగితం తీసుకుని ఓనరు చెప్పిన ప్రతి మాటా రాసుకుంటాను, ఆయనకు అనవసరం అనిపించినవి కూడా. పాత బండ్లలో ఒకేసారి రెండు మూడు లోపాలు ఉండటం మామూలే. ఒకటి దొరికినప్పుడు అది కాగితం మీది ఏయే ఫిర్యాదులకు సమాధానం చెబుతోందో కొట్టేసుకుంటూ పోవాలి. ఏదైనా మిగిలిపోయిందంటే పని అయిపోలేదన్నమాట.

అలా అడుగుతుంటే ఆ పెద్దాయన రెండు విషయాలు చెప్పారు. ఒకటి, ఈ గొడవంతా క్లచ్ ప్లేట్లు మార్పించాక మొదలైంది. రెండోది కాస్త మొహమాటంగానే అన్నారు: "తాళం తీసేశాక కూడా లోపల ఎర్రగా ఏదో మినుకుమంటుంది బాబూ, చీకట్లో. నా కళ్లదే తేడానేమో." రెండూ రాసుకున్నాను.

మీటర్ పెట్టక ముందు

కాగితం మీది వరసను చూస్తే నన్ను ముందుగా ఆపింది టెంపరేచర్ ముల్లు. రాత్రి మాత్రమే వేడెక్కే ఇంజిన్ ఉండదు. రాత్రికీ పగటికీ తేడా హెడ్‌లైట్లే. బండి స్టార్ట్ చేసి, ముల్లు మధ్యలోకి వచ్చేదాకా ఆగి, లైట్లు వేశాను. ముల్లు నెమ్మదిగా, పది పదిహేను సెకన్లు తీసుకుని పైకి జరిగింది. బ్లోయర్ కూడా వేస్తే ఇంకొంచెం ఎక్కింది. రెండూ ఆపేస్తే మళ్లీ కిందికి దిగింది. నీళ్లు అంత త్వరగా వేడెక్కి చల్లారవు. ముల్లు చూపిస్తున్నది వేడిని కాదు, వోల్టేజీ తేడాని.

అదే సమయంలో పెట్రోల్ ముల్లు కదల్లేదు. ఈ చిన్న సంగతే సగం కేసు తేల్చేసింది.

ఇలాంటి పాత బండ్లలో టెంపరేచర్ ముల్లుకీ, పెట్రోల్ ముల్లుకీ కరెంటు ఒకే స్టెబిలైజర్ నుంచి వస్తుంది. డాష్‌బోర్డు వెనక ఉండే చిన్న డబ్బా అది, సుమారు 10 వోల్టులు ఇస్తుంది. ఆ 10 వోల్టులు ఎక్కడి నుంచి లెక్క? దాని ఎర్త్ నుంచి, అంటే కారు బాడీ నుంచి. పెట్రోల్ సెన్సర్ ఎర్త్ ట్యాంకు దగ్గర బాడీకే ఉంటుంది. కాబట్టి బాడీ వోల్టేజీ ఎటు కదిలినా ఆ రెండూ కలిసే కదులుతాయి, ముల్లుకి తేడా తెలియదు. టెంపరేచర్ సెన్సర్ సంగతి వేరు. అది ఇంజిన్‌లో బిగించి ఉంటుంది, దాని ఎర్త్ ఇంజిన్ బ్లాకు. బాడీకీ ఇంజిన్‌కీ మధ్య ఎర్త్ సరిగ్గా లేకపోతే, లోడు పడినప్పుడు బాడీ వోల్టేజీ ఇంజిన్ కన్నా పైకి లేస్తుంది. స్టెబిలైజర్ ఇచ్చే 10కి ఆ తేడా కలుస్తుంది. సెన్సర్ గుండా ఎక్కువ కరెంటు పారుతుంది. ముల్లు వేడి అని చూపిస్తుంది.

రెండు ముళ్లూ కలిసి ఎక్కి ఉంటే స్టెబిలైజర్‌ని అనుమానించేవాణ్ని. ఒక్కటే ఎక్కింది కాబట్టి అనుమానం ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఎర్త్ మీదకు పోయింది. ఈ బండిలో బ్యాటరీ నెగెటివ్ నుంచి లావు కేబుల్ బాడీకి వస్తుంది. బాడీ నుంచి గేర్‌బాక్సుకి అల్లిక రాగి స్ట్రాప్ ఒకటి. సెల్ఫ్ మోటర్‌కి పోయిన కరెంటంతా తిరిగి రావాల్సింది ఆ స్ట్రాప్ మీదుగానే. క్లచ్ పని చేయాలంటే గేర్‌బాక్సు దించాలి, దించాలంటే స్ట్రాప్ విప్పాలి. ఓనరు చెప్పిన మొదటి మాటకు అర్థం అక్కడ దొరికింది.

అయినా ఇది అనుమానమే. అంకెలు కావాలి.

లోడు మీద కొలత

ఎర్త్ బాగుందో లేదో చూడటానికి చాలామంది మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో, అంటే దారి తెగిందా లేదా అని చూసే మోడ్‌లో, పెట్టి బీప్ కోసం చూస్తారు. ఈ బండిలో ఆ పని అప్పటికే జరిగింది, బీప్ వచ్చింది, "ఎర్త్ ఓకే" అనేశారు. బీప్ అబద్ధం కాదు గానీ అది జవాబు చెప్పే ప్రశ్న వేరు. కంటిన్యుటీలో మీటర్ పంపేది మిల్లీ ఆంపియర్లలో కరెంటు. సెల్ఫ్ మోటర్ లాగేది వంద, నూట యాభై ఆంపియర్లు. ఒక్క పోగు మీద నిలిచిన చేంతాడు కూడా చూడ్డానికి తాడే. నిండు బకెట్ కట్టి తోడితే గానీ సంగతి తేలదు. ఓమ్స్‌లో కొలిచినా అంతే. ఇక్కడ మనల్ని ఇబ్బంది పెట్టే రెసిస్టెన్సు 0.05 ఓం ఉంటే చాలు, సెల్ఫ్ ఆగిపోతుంది. మామూలు మీటర్ ప్రోబుల వైర్లకే 0.2, 0.3 ఓం ఉంటుంది. ఆ గోలలో 0.05 ఎక్కడ కనిపిస్తుంది?

అందుకే వోల్టేజీ డ్రాప్ చూడాలి. అంటే రెండు ప్రోబులూ ఒకే వైపు పెట్టి, కరెంటు పారుతున్నప్పుడు దారిలో ఎన్ని వోల్టులు పోతున్నాయో చూడటం. మంచి వైరుకి రెండు చివర్ల మధ్య దాదాపు సున్నా రావాలి. సెల్ఫ్ తిరిగేటప్పుడు పాజిటివ్ వైపు మొత్తం అర వోల్టు, ఎర్త్ వైపు 0.2 వోల్టు దాకా నేను ఒప్పుకుంటాను. అది దాటితే వెతకాల్సిందే.

ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఇగ్నిషన్ కాయిల్‌కి వచ్చే సన్న వైరు పీకేశాను. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు. మా కుర్రాడు లోపల కూర్చుని తాళం తిప్పాడు. బండి మంచి మూడ్‌లో లేని సమయమే దొరికింది. మూలుగుతూ తిరిగింది.

ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.2 వోల్టులు. నిండు బ్యాటరీ 12.6 పైన ఉంటుంది, 12.2 అంటే సుమారు సగం. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ పోస్టుల మధ్య 11.3. అదే సమయంలో సెల్ఫ్ మోటర్ బోల్టుకీ, మోటర్ ఒంటికీ మధ్య 6.3 మాత్రమే. మధ్యలో 5 వోల్టులు మాయం. వాటిలో పాజిటివ్ వైపు 0.3. నెగెటివ్ వైపు 4.7.

ఇక్కడ 11.3 అన్న అంకెని కాస్త ఆగి చూడాలి. సెల్ఫ్ తిరక్కపోతే బ్యాటరీ మీద పడటం అలవాటు. కానీ బ్యాటరీ చచ్చి ఉంటే సెల్ఫ్ కొట్టగానే పోస్టుల దగ్గర వోల్టేజీ 9 కిందికి, ఇంకా కిందికి కూలుతుంది. ఇక్కడ 11.3 దగ్గర నిలబడింది. అంటే బ్యాటరీ ఇవ్వడానికి సిద్ధంగానే ఉంది, పుచ్చుకునే దారి మూసుకుపోయింది. ఈ ఒక్క కొలత ముందే ఎవరైనా తీసి ఉంటే రెండు బ్యాటరీల ఖర్చు మిగిలేది. దీనికి పట్టేది మీటరూ, ఒక మనిషి తోడూ, అర నిమిషం.

తర్వాత 4.7 ఎక్కడ పోతోందో ముక్కలుగా విడగొట్టాను. నల్ల ప్రోబు బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీదే. కేబుల్‌ని పోస్టుకి పట్టి ఉంచే క్లాంపు మీద కాదు, సీసం పోస్టు మీద; క్లాంపుకీ పోస్టుకీ మధ్యే తేడా ఉండొచ్చు. ఎర్ర ప్రోబుని ఒక్కో మజిలీ దగ్గర ఆపుతూ పోయాను. పోస్టు నుంచి క్లాంపుకి 0.02. క్లాంపు నుంచి బాడీ దగ్గరి లగ్గుకి, అంటే కేబుల్ చివరి లోహపు కొనకి, 0.06. లగ్గు నుంచి బాడీ రేకుకి 0.02. బాడీ నుంచి ఇంజిన్ బ్లాకుకి 4.6.

వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ ఆ సమయంలో సుమారు 90 ఆంపియర్లు చూపించింది. 4.6 వోల్టులు, 90 ఆంపియర్లు అంటే నాలుగు వందల వాట్లకు పైగా వేడి, తాళం తిప్పిన ప్రతిసారీ. ఆ వేడి ఎక్కడో ఒక చోట దిగాలి. యాక్సిలరేటర్ కేబుల్ కార్బురేటర్ దగ్గర పట్టుకుని చూశాను, గోరువెచ్చగా ఉంది. ఇంజిన్ చల్లగా ఉన్న బండిలో! కేబుల్ పై తొడుగు ఒక చోట మెత్తబడి లోపలి తీగకు అతుక్కుంది. స్ట్రాప్ దారి ఇవ్వకపోతే కరెంటు ఊరుకోదు, ఇంజిన్‌కీ బాడీకీ మధ్య లోహం ఏది కనిపిస్తే దాని గుండా పోతుంది. యాక్సిలరేటర్ కేబుల్, స్పీడోమీటర్ కేబుల్, చోక్ కేబుల్ అన్నీ దానికి దారులే. పెడల్ బిగుసుకుపోవడం ఎలక్ట్రికల్ ఫిర్యాదు అని ఎవరూ అనుకోరు. కాగితం మీద అదీ కొట్టేశాను.

రూఢి చేసుకోవడానికి ఒక జంపర్ కేబుల్ తీసుకుని బ్యాటరీ నెగెటివ్ నుంచి నేరుగా ఇంజిన్ ఎత్తే కొక్కేనికి పెట్టాను. సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ గిర్రున తిరిగింది. మీటర్ లేకపోయినా చేయదగ్గ పరీక్ష ఇది. సెల్ఫ్ మోటర్ విప్పే ముందు ఎవరైనా ఇది చేసి చూడాలి.

ఆల్టర్నేటర్ బాగుంది, బ్యాటరీ నిండదు

కాయిల్ వైరు పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా లైట్లు, బ్లోయర్ వేసి మళ్లీ కొలిచాను. ఆల్టర్నేటర్ వెనక కరెంటు బయటికి వచ్చే బి ప్లస్ బోల్టుకీ, ఆల్టర్నేటర్ ఒంటికీ మధ్య 14.2 వోల్టులు. ఎవరు చూసినా బాగుందనే అంటారు. బ్యాటరీ పోస్టుల మధ్య చూస్తే 12.9. మధ్యలో పోయిన 1.3లో 0.2 పాజిటివ్ వైరులో, 1.1 అదే స్ట్రాప్ దగ్గర.

ఈ తరం ఆల్టర్నేటర్లలో వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ లోపలే ఉంటుంది. అది తన బి ప్లస్‌కీ తన ఒంటికీ మధ్య ఉన్న వోల్టేజీని చూసుకుని తృప్తి పడుతుంది. బ్యాటరీకి ఎంత చేరుతోందో దానికి తెలియదు. 12.9 దగ్గర సగం ఖాళీ బ్యాటరీ ఎంతసేపు నడిపినా నిండదు. ఏ బ్యాటరీ వేసినా కొన్ని వారాల్లో సగానికి వస్తుంది. కొత్త బ్యాటరీ షాపు నుంచి నిండుగా వస్తుంది కాబట్టి, మార్చిన ప్రతిసారీ కొన్నాళ్లు బాగుండటానికి కారణం అదే. ఆల్టర్నేటర్ చార్జింగ్ ఎప్పుడు చూసినా బ్యాటరీ పోస్టుల మీదే చూడాలి, లైట్లు వేసి చూడాలి.

స్ట్రాప్ చూడాలంటే బ్యాటరీ, దాని కింది ట్రే తీయాల్సి వచ్చింది. పైనుంచి చూస్తే అల్లిక చక్కగానే ఉంది, నల్లగా నూనె పట్టి ఉంది, అంతే. గేర్‌బాక్సు వైపు లగ్గు పట్టుకుని కొంచెం వంచితే క్రింపు, అంటే లగ్గుని అల్లికకు నొక్కి బిగించిన చోటు, లోపలి నుంచి పచ్చటి పొడి రాలింది. పోగుల్లో ముప్పాతిక వంతు లోపల తెగి ఉన్నాయి. సరిగ్గా బ్యాటరీ కింద ఉండటంతో ఏళ్ల తరబడి యాసిడ్ చెమ్మ తగిలి ఉంటుంది. బాడీ వైపు లగ్గు కథ ఇంకోటి. చాసిస్‌కి కొట్టిన నల్లటి అండర్‌కోటింగ్ మీదే లగ్గు పెట్టి బోల్టు బిగించేశారు. కరెంటు లగ్గు నుంచి బాడీకి పోయే దారి బోల్టు మరల గుండా మాత్రమే మిగిలింది. బోల్టు టైట్‌గానే ఉంది. టైట్‌గా ఉంటే కాంటాక్టు ఉన్నట్టు కాదు.

రిపేరు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. లగ్గు కూర్చునే చోటు ఎమరీ పేపర్‌తో మెరిసే లోహం వచ్చేదాకా గీకి, పాతదాని కన్నా లావు స్ట్రాప్ వేసి, పళ్ల వాషర్ పెట్టి బిగించాను. బిగించాక పైన గ్రీజు పూశాను. పూసి బిగించడం కాదు, బిగించి పూయడం. అదనంగా ఇంజిన్ హెడ్ నుంచి బాడీకి ఇంకో వైరు ఇచ్చాను, కంపెనీ ఇవ్వకపోయినా పాత బండికి అది మేలు. యాక్సిలరేటర్ కేబుల్ మార్చాం. బ్యాటరీని బయట చార్జర్‌కి పెట్టి నెమ్మదిగా నింపాం. అది చెడిపోలేదు, ఆకలితో ఉంది అంతే.

మళ్లీ కొలతలు: సెల్ఫ్ తిరిగేటప్పుడు పోస్టుల దగ్గర 11.0, మోటర్ దగ్గర 10.3. పాజిటివ్ వైపు 0.5, ఎర్త్ వైపు 0.2. పాజిటివ్ వైపు డ్రాప్ 0.3 నుంచి 0.5కి పెరిగింది కదా అని మా కుర్రాడు కంగారు పడ్డాడు. వైరు మారలేదు, దానిలో పారే కరెంటు పెరిగింది. 90 ఆంపియర్ల చోట ఇప్పుడు 150 పోతున్నాయి. లైట్లు, బ్లోయర్ వేసి చూస్తే బ్యాటరీ దగ్గర 14.0. టెంపరేచర్ ముల్లు లైట్లు వేసినా కదల్లేదు.

మిగిలిపోయినవి

కాగితం తీశాను. సెల్ఫ్, వేడి ముల్లు, పెడల్, నిండని బ్యాటరీ కొట్టేశాను. హెడ్‌లైట్లు కొంత మెరుగుపడ్డాయి గానీ పూర్తిగా కాదు. "రెండు మూడు రోజులు కదపకపోతే డౌన్" అన్నది మిగిలింది. ఓనరుని మళ్లీ అడిగితే, ఒకసారి బ్యాటరీని బయట నిండుగా చార్జ్ చేయించి పెట్టినా నాలుగు రోజులకు డౌన్ అయిందని చెప్పారు. ఆగి ఉన్న బండిలో స్ట్రాప్ ఎంత పాడైనా కరెంటు తినదు. అది కరెంటుకి అడ్డం పడుతుంది, అంతే. కాబట్టి తినేది వేరే ఏదో ఉంది. ఎర్రటి మినుకు కూడా అలాగే మిగిలింది.

ఇలా ఆగి ఉన్న బండి తినే కరెంటుని, అంటే లీకేజీని, చూడటానికి బ్యాటరీ నెగెటివ్ విప్పి మధ్యలో అమ్మీటర్ పెట్టాలి. 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, అది పెట్టి ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు, మీటర్ ఫ్యూజు పోతుంది. ఇలాంటి పాత బండిలో గడియారం, రేడియో మెమరీ కలిపి 20, 30 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు. కొత్త బండ్లకే 50 అనేది మామూలు హద్దు.

ఇంతకుముందు చూసినవాళ్లు కూడా లీకేజీ చూశారట, ఏమీ లేదన్నారట. నేను బండిని బాగా తిప్పుకొచ్చి, ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే కొలిచాను. ఓనరు బండి పెట్టేసేది కూడా అలా వేడిగానే కదా. డోర్ స్విచ్‌లు నొక్కి కట్టేసి, డిక్కీ బల్బు పీకేసి చూస్తే 0.68 ఆంపియర్. 680 మిల్లీ ఆంపియర్లు.

ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోయాం, అంకె కదల్లేదు. ఫ్యూజుల గుండా పోని కరెంటు అన్నమాట. ఫ్యూజు లేకుండా బ్యాటరీకి నేరుగా తగిలి ఉన్నవి ఈ బండిలో కొన్నే: సెల్ఫ్ మోటర్, ఇగ్నిషన్ స్విచ్‌కి వెళ్లే వైరు, ఆల్టర్నేటర్. షెడ్డు లైట్లు ఆర్పేయమని చెప్పి డాష్‌బోర్డు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను. తాళం నా జేబులో ఉంది. చార్జింగ్ ల్యాంపు, ఆ బ్యాటరీ బొమ్మ ఉన్నది, నిప్పురవ్వ అంత ఎరుపుతో వెలుగుతోంది. వెలుతురులో ఎవరికీ కనపడదు. పెద్దాయన కళ్లు బాగానే ఉన్నాయి.

తాళం లేకుండా ఆ ల్యాంపు వెలగాలంటే కరెంటు వెనకనుంచి రావాలి. మామూలుగా ఇగ్నిషన్ వైపు నుంచి ల్యాంపు గుండా ఆల్టర్నేటర్ డి ప్లస్ పిన్నుకి పోతుంది. ఇక్కడ డి ప్లస్ దగ్గరే వోల్టేజీ ఉంది, అది ల్యాంపు గుండా ఇగ్నిషన్ లైనులోకి పారుతోంది. డి ప్లస్‌కి తాళం లేకుండా వోల్టేజీ ఎలా వస్తుంది? ఆల్టర్నేటర్ లోపల కరెంటుని ఒక్క వైపుకే పోనివ్వాల్సిన డయోడ్లుంటాయి; వాటిలో పాజిటివ్ డయోడ్ ఒకటి వెనక్కి లీక్ అయితే వస్తుంది. బ్యాటరీ నుంచి బి ప్లస్, లీకైన డయోడ్, స్టేటర్ (కదలని భాగం) చుట్లు, అక్కడి నుంచి చిన్న డయోడ్ల గుండా డి ప్లస్, ఆపైన రోటర్ (తిరిగే భాగం) చుట్లు, రెగ్యులేటర్, ఎర్త్. బ్యాటరీ రాత్రంతా రోటర్‌ని అయస్కాంతంలా మార్చి కూర్చుంటుంది.

అయస్కాంతం అయితే పట్టాలి కదా. సన్న స్క్రూడ్రైవర్ మొనని ఆల్టర్నేటర్ వెనక బేరింగ్ దగ్గర పెట్టాను. బండి ఆగి ఉంది, తాళం లేదు. మొన టక్కున లాక్కుంది. మా కుర్రాడు రెండు మూడుసార్లు తీసి పెట్టి చూశాడు, మంచి సరదా పరీక్ష. బ్యాటరీ నెగెటివ్ విప్పి, ఆల్టర్నేటర్ బి ప్లస్ వైరు, పక్కనున్న ప్లగ్గు తీసి టేపు చుట్టి, మళ్లీ మీటర్ పెడితే లీకేజీ 0.02కి పడిపోయింది. అది గడియారం వాటా.

ముందు చూసినవాళ్లకు ఎందుకు దొరకలేదో కూడా ఇక్కడే తెలిసింది. తీసిన వైర్లు మళ్లీ పెట్టి, బండి పూర్తిగా చల్లారాక కొలిస్తే 0.68 కాస్తా 0.25 అయింది. డయోడ్ లీకేజీ వేడితో పెరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది. ఒక్కోసారి పొద్దున్నే చూస్తే ఇంకా తక్కువ ఉండొచ్చు. ఆల్టర్నేటర్ విప్పి డయోడ్ ప్లేటుని బల్ల మీద పెట్టి మీటర్‌తో చూస్తే చల్లగా ఉన్నప్పుడు ఆరు డయోడ్లూ ఒక్కలాగే కనిపించాయి. హాట్ ఎయిర్ గన్‌తో వేడి చేస్తే ఒకటి వెనక్కి కూడా దారి ఇచ్చింది. విప్పే ముందు ఇంజిన్ నడుస్తుండగా మీటర్‌ని ఏసీలో పెట్టి బ్యాటరీ మీద చూస్తే 0.9 వోల్టు రిపుల్, అంటే డీసీలో కలిసిన ఏసీ అలజడి, ఉంది. అర వోల్టు దాటితేనే డయోడ్లని అనుమానించాలి.

లెక్క కూడా సరిపోయింది. వేడిలో ఎక్కువ, చల్లారాక తక్కువ, సగటున 0.3 ఆంపియర్ అనుకుంటే నాలుగు రోజులకు, అంటే 96 గంటలకు, దాదాపు 29 ఆంపియర్ అవర్లు. 45లో మిగిలేది 16. అది కూడా పాత స్ట్రాప్ గుండా సెల్ఫ్ తిప్పాలి. తిరగదు. మామూలు రోజుల్లో బ్యాటరీ సగమే నిండేది కాబట్టి రెండు రోజులకే డౌన్. రెండు లోపాలూ ఒకదాని తప్పు ఇంకోదాని మీదకు నెట్టుకుంటూ వచ్చాయి. స్ట్రాప్ ఒక్కటే బాగుచేసి పంపి ఉంటే నిండు బ్యాటరీతో బండి కొన్నాళ్లు నడిచేది, సెలవులకు ఊరెళ్లి వచ్చేసరికి మళ్లీ టక్.

ఆల్టర్నేటర్ మొత్తం మార్చలేదు. బేరింగులు మంచివే, బ్రష్‌లు సగం పైనే ఉన్నాయి. డయోడ్ ప్లేటు ఒక్కటే మార్చాం. బిగించాక రిపుల్ 0.1 లోపు. తాళం తీశాక ల్యాంపు పూర్తిగా ఆరిపోయింది. వేడి మీద లీకేజీ 0.02.

హెడ్‌లైట్లు

ఇది తేలిక. ఎర్త్ బాగుపడ్డాక కూడా బల్బు పిన్నుల దగ్గర 12.6 వచ్చింది, బ్యాటరీ దగ్గర 14.0 ఉండగా. ఈ బండిలో హెడ్‌లైట్ కరెంటంతా స్టీరింగ్ పక్కనున్న స్విచ్ గుండానే పోతుంది, చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే రిలే లేదు. 55 వాట్ల బల్బులు రెండంటే 9 ఆంపియర్లకు పైనే. ముప్పై ఏళ్లు ఆ కరెంటు మోసిన కాంటాక్టులు నల్లబడ్డాయి, వెనక కనెక్టర్ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగింది. స్విచ్‌లో, దారిలో కలిపి 1.4 వోల్టులు పోతున్నాయి.

1.4 అంటే ఎంతలే అనిపిస్తుంది. ఫిలమెంట్ బల్బుకి వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుతురు దాదాపు ముప్పై శాతం తగ్గుతుంది. స్ట్రాప్ చెడి ఉన్న రోజుల్లో ఇదీ అదీ కలిసి బల్బుకి చేరింది 11.6 మాత్రమే. రాత్రి రోడ్డు కనపడటం లేదని ఆ పెద్దాయన ఎక్కువ వాట్ల బల్బులు వేయించుకుందామని కూడా అనుకున్నారట. ఈ స్విచ్ మీద ఆ బల్బులు వేసి ఉంటే కనెక్టర్ కరిగిపోయేది. పాత బండికి ఎక్కువ వాట్ల బల్బు ఎప్పుడూ సమాధానం కాదు.

డిమ్ముకి ఒకటి, బ్రైట్‌కి ఒకటి రిలే పెట్టి, బ్యాటరీ నుంచి ఒక్కోదానికి విడిగా ఫ్యూజు వేసి లావు వైరు లాగాను. పాత స్విచ్ ఇప్పుడు రిలే కాయిల్‌ని మాత్రమే నడుపుతుంది, హెడ్‌లైట్ల వాటా కింద దాని మీద పడేది అర ఆంపియర్ కూడా లేదు. స్విచ్ మార్చాల్సిన అవసరం రాలేదు. బల్బు దగ్గర 13.6 వచ్చింది, రంగు తెల్లబడింది. ఎడమ హెడ్‌లైట్ ఎర్త్ లగ్గు కింద కూడా పెయింట్ ఉంటే గీకాం.

ఇచ్చేటప్పుడు ఓనరుకి ఒకటే పని చెప్పాను. నెలకోసారి రాత్రిపూట తాళం తీసి, లైట్లన్నీ ఆరాక డాష్‌బోర్డు వైపు చూడమన్నాను. ఎరుపు మళ్లీ కనిపిస్తే ఏ బ్యాటరీ షాపుకీ వెళ్లకుండా ఆల్టర్నేటర్ డయోడ్లు చూపించుకోమన్నాను. కొత్త రిలేలు, ఫ్యూజులు, అదనపు ఎర్త్ వైరు ఎక్కడున్నాయో కాగితం మీద గీసి ఫ్యూజు బాక్సు మూత లోపల అంటించాను. తర్వాత బోనెట్ తెరిచేవాళ్లు ఆ వైర్లు ఎటు పోతున్నాయో తెలియక కత్తిరించకుండా ఉంటారు.